క్లోమం ఆపరేషన్ ముందు రిపోర్టులో 'పుట్టుకతో వచ్చిన తేడా' అని రాశారు, ఎంత భయపడాలి?

వెన్నెలపిట్ట
అందరికీ నమస్కారం. మా నాన్నకి 61 ఏళ్లు. కామెర్లు వచ్చాయని పరీక్షలు చేయిస్తే క్లోమం తల భాగంలో గడ్డ అని తేలింది. స్టెంట్ వేశారు, కామెర్లని కొలిచే బిలిరుబిన్ దిగుతోంది, క్లోమం తలని తీసేసే విపుల్ ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చారు. గడ్డ సంగతి డాక్టరుగారు ముందే కూర్చోబెట్టి చెప్పారు కాబట్టి దానికి మనసు కాస్త సిద్ధపడింది. కానీ నిన్న రాత్రి సీటీ రిపోర్టు మళ్లీ తీసి చదువుతుంటే చివర్లో రెండు లైన్లు కనిపించాయి, వీటి గురించి నాకెవరూ చెప్పలేదు. కుడి హెపాటిక్ ఆర్టరీ 'రీప్లేస్డ్', ఎస్ఎంఏ నుంచి పుడుతోంది అని ఒకటి. 'పోర్టల్ యాన్యులర్ ప్యాంక్రియాస్' అని ఇంకొకటి. రెండూ పుట్టుకతో వచ్చినవేనట. ఇన్నేళ్లు ఏ ఇబ్బందీ పెట్టనివి ఇప్పుడు ఆపరేషన్‌కి అడ్డం వస్తాయా? ఆపేస్తారా? సర్జన్ గారిని కలిసేది సోమవారం, అప్పటిదాకా నిద్ర పట్టేలా లేదు.

కత్తిపీట
ఆపరేషన్ ఆగదండి, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. నేను లివర్, క్లోమం సర్జరీలో ట్రైనింగ్‌లో ఉన్నాను. మీ నాన్నగారి స్కాన్ నేను చూడలేదు కాబట్టి సోమవారం మీ సర్జన్ చెప్పేదే లెక్క, నేను సంగతి ఏమిటో మాత్రం చెప్తాను.

మొదటిది ధమని గురించి. మామూలుగా కాలేయానికి వెళ్లే ధమని సీలియాక్ అనే పెద్ద కొమ్మ నుంచి బయల్దేరి, క్లోమం పై అంచు మీదుగా, పోర్టల్ వెయిన్‌కి (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పెద్ద సిర) ముందు నుంచి పైకి వెళ్తుంది. మీ నాన్నగారికి కాలేయం కుడి భాగానికి వెళ్లేది అక్కడ పుట్టలేదు, పేగులకి రక్తం ఇచ్చే ఎస్ఎంఏ నుంచి పుట్టింది. అంటే దారి మారింది. క్లోమం తల వెనకనుంచి, పోర్టల్ వెయిన్ వెనకనుంచి వచ్చి, పైత్యనాళానికి కుడి వెనక పక్కగా పైకి ఎక్కుతుంది. మేం విపుల్‌లో తీసేసేది సరిగ్గా ఆ తల భాగాన్నే. అందుకే ఆ లైన్ రిపోర్టులో ఉంది.

ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ అంత అరుదు కాదు, దాదాపు పది మందిలో ఒకరికి ఉంటుంది. మైకేల్స్ అనే ఆయన 200 మృతదేహాలను కోసి చూసి, 1966లో కాలేయం ధమనులను పది రకాలుగా వర్గీకరించాడు. అందులో పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసినట్టు ఉన్నవి 55 శాతమే. మిగతా అందరికీ ఏదో ఒక తేడా ఉన్నట్టే. మీ రెండో లైన్ ఉంది చూడండి, అది మాత్రం నిజంగా అరుదు, నూటికి ఒకరో ఇద్దరో. డ్యూటీకి టైమ్ అయింది, రాత్రి దాని గురించి రాస్తాను.

ఎందుకంటే
నాదొక అమాయకపు ప్రశ్న. ఆ ధమని తెగితే ఏమవుతుంది? కాలేయానికి పోర్టల్ వెయిన్ నుంచి కూడా రక్తం వస్తుంది కదా, అదీ ఎక్కువ వాటా దాన్నుంచే అని ఎక్కడో చదివాను.

నలుపుతెలుపు
అమాయకపు ప్రశ్నేం కాదు, అసలు మెలిక అంతా అక్కడే ఉంది. నేను రేడియాలజిస్టుని. కాలేయానికి వచ్చే రక్తంలో దాదాపు మూడొంతులు పోర్టల్ వెయిన్ నుంచే వస్తుంది, అందుకే ధమని తెగిన ప్రతివాళ్లకీ కాలేయం చచ్చిపోదు. పైత్యనాళాల సంగతి వేరు. వాటికి దిక్కు ధమని ఒక్కటే. పైగా విపుల్‌లో కాలేయ ధమని నుంచి క్లోమం తల వైపు దిగే గ్యాస్ట్రోడుయోడినల్ ఆర్టరీని ఎలాగూ కట్టేస్తారు, దాంతో పైత్యనాళానికి కింది నుంచి వచ్చే సరఫరా పోతుంది. ఇక మిగిలింది పైనుంచి, కుడి హెపాటిక్ నుంచి దిగి వచ్చే సన్నటి కొమ్మలు. అదీ పోయిందనుకోండి, పేగుకి కుట్టిన పైత్యనాళం అంచు రక్తం లేక ఎండిపోతుంది. కుట్టు లీకవుతుంది, లేదా నెలల తర్వాత ఆ జాయింటు బిగుసుకుపోతుంది. స్టెంట్ వేసిన మనిషిలో పైత్యంలో అప్పటికే బాక్టీరియా ఉంటుంది, కాబట్టి కాలేయంలో చీము గడ్డలు కూడా కట్టొచ్చు.

ఒక తేడా గమనించాలి. 'రీప్లేస్డ్' అంటే కుడి భాగానికి ఆ ధమని ఒక్కటే ఆధారం. 'యాక్సెసరీ' అంటే మామూలుది ఉంటూ ఇది అదనం. అదనంగా ఉన్నది పోతే చాలాసార్లు నెట్టుకురావచ్చు. అందుకే రిపోర్టులో ఆ ఒక్క మాట సరిగ్గా పడాలి.

ఒకసారిచాలు
పైన రాసింది చదువుతుంటే ఒళ్లు జలదరించింది, ఎందుకంటే అదంతా నాకు జరిగింది. ఎక్కడ, ఎవరు అనేది రాయను. వెన్నెలపిట్ట గారిని భయపెట్టడానికి కాదు, మీ నాన్నగారికి ముందే తెలియడం ఎంత అదృష్టమో చెప్పడానికి రాస్తున్నాను.

నాకూ తల భాగంలోనే గడ్డ, విపుల్ చేశారు. ఎనిమిదో రోజు ఇంటికి పంపిస్తామన్నారు, సంచి కూడా సర్దుకున్నాం. ఆ సాయంత్రం వణుకుతో జ్వరం, రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. కడుపులోంచి నీరు బయటికి తీసే గొట్టం, అంటే డ్రెయిన్, దాని సంచిలో అప్పటిదాకా లేత రంగులో వస్తున్నది ముదురు ఆకుపచ్చకి తిరిగింది. స్కాన్ చేస్తే కాలేయం కుడి పక్కన రెండు చీము గడ్డలు, పైత్యం లీకు. గొట్టాలు వేసి తీశారు, ఆరు వారాలు మంచం మీదే. తర్వాత ఏడాదికి జాయింటు బిగుసుకుపోతే బెలూన్‌తో వెడల్పు చేశారు. ఇప్పుడు బాగానే ఉన్నాను. కానీ రెండో అభిప్రాయం కోసం వెళ్లినప్పుడు ఒక డాక్టరు నా పాత సీటీ, అంటే ఆపరేషన్‌కి ముందుది, తెర మీద పెట్టి వేలితో చూపించారు, ఇదిగో ధమని వెనకనుంచి వస్తోంది అని. మొదటినుంచీ కనిపిస్తూనే ఉంది. రిపోర్టులో ఒక్క ముక్క లేదు.

ఎందుకంటే
కనిపిస్తున్నదాన్ని ఎలా వదిలేస్తారండి? నలుపుతెలుపు గారూ, మీ వాళ్ల తరఫున మీరే చెప్పాలి.

నలుపుతెలుపు
తప్పించుకోను, చెప్తాను. మా టేబుల్ మీదకి వచ్చే కాగితం మీద చాలాసార్లు 'కామెర్లు, కారణం చూడండి' అని మాత్రమే ఉంటుంది. విపుల్ ఆలోచనలో ఉన్నారని ఎవరూ రాయరు. అలాంటప్పుడు స్కాన్ కూడా మందు సిరల్లోకి చేరే వెయిన్ దశ ఒక్కటే తీసి ఉండొచ్చు, అందులో ధమనులు మసకగా ఉంటాయి. క్లోమానికి సరైన పద్ధతి ఏమిటంటే రక్తనాళాలు వెలిగేలా చేసే మందు ఎక్కించాక సుమారు 40 సెకన్లకి ఒకసారి, 70 సెకన్లకి ఇంకోసారి తీయడం, స్కాన్ చిత్రం ముక్కలు ఒక మిల్లీమీటరు మందంలో ఉండటం. మొదటిసారి గ్రంథి, ధమనులు వెలుగుతాయి, రెండోసారి పోర్టల్ వెయిన్.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కళ్లు గడ్డ మీదే ఇరుక్కుపోతాయి, అది మా బలహీనత. నాకొక అలవాటు ఉంది. గడ్డని చూడకముందే కాలేయం కుడి భాగంలో ధమని ఒకటి పట్టుకుని వెనక్కి నడుస్తాను, అది ఎక్కడ పుట్టిందో చూసేదాకా మౌస్ ఆపను. పోర్టల్ వెయిన్‌కి ముందు నుంచి పోతే సరే. వెనక్కి జారిందంటే అక్కడే ఆగి రాసేస్తాను. ముప్పై సెకన్ల పని. ఇంకొకటి కూడా చూస్తాను, నిలువు పక్క చిత్రంలో సీలియాక్ మొదలు కొక్కెంలా కిందికి వంగి సన్నబడిందా అని. డయాఫ్రమ్ దగ్గరి లిగమెంటు కొందరికి పుట్టుకతోనే కాస్త కిందికి ఉండి దాన్ని నొక్కుతుంది. వాళ్లలో కాలేయానికి రక్తం దొడ్డిదారిన, అంటే ఎస్ఎంఏ నుంచి క్లోమం తలగుండా, గ్యాస్ట్రోడుయోడినల్‌లో ఎదురు దిశగా పైకి వెళ్తుంటుంది. అది తెలియకుండా దాన్ని కట్టేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కత్తిపీట
ఆ చివరి ముక్కకి మా వైపు నుంచి ఒక చేర్పు. అందుకే గ్యాస్ట్రోడుయోడినల్‌ని కోసే ముందు దానికి చిన్న బుల్‌డాగ్ క్లాంప్ పెట్టి ఆగుతాం. కాలేయం వైపు ధమని మీద వేలు పెట్టి నాడి చూస్తాం. నాడి అలాగే కొట్టుకుంటుంటే కోస్తాం. తగ్గిపోతే క్లాంప్ తీసేసి, ముందు ఆ లిగమెంటు సంగతి చూస్తాం. స్కాన్‌లో అంతా మామూలుగా ఉందని రాసినా ఈ పరీక్ష మానం.

రీప్లేస్డ్ ధమనికి కూడా అలాంటిదే ఒక చేతి పరీక్ష ఉంది. పైత్యనాళం, పోర్టల్ వెయిన్ కలిసి పైకి వెళ్లే కట్ట ఉంటుంది కదా, దాని వెనక సందులోకి చూపుడు వేలు పోనిచ్చి, బొటనవేలు ముందు పెట్టి పట్టుకుంటాం. కుడి వెనక వైపు వేలికి ఠక్ ఠక్ అని తగిలిందంటే అక్కడ ఉండకూడని ధమని ఉందన్నమాట. మా సీనియర్ సర్ మొదటిసారి నా వేలు పట్టుకుని అక్కడ పెట్టించినప్పుడు నాకు అర్థమైంది, నూరు బొమ్మలు చూసినా రాదు ఇది. అయితే లావుగా ఉన్నవాళ్లలో, వాపు ఉన్నచోట వేలు మోసం చేస్తుంది, స్కాన్ స్కానే.

దొరికాక రంగు రబ్బరు దారం చుట్టి పక్కకి లాగి పెడతాం, పని పూర్తయ్యేదాకా అది కళ్లముందే ఉంటుంది. ఇప్పుడు చాలామంది ఎస్ఎంఏ మొదలు దగ్గరికే ముందు వెళ్తారు, అలా వెళ్తే ఈ ధమని పుట్టిన చోటే పట్టుబడుతుంది. చిక్కు ఎక్కడంటే గడ్డ ధమనిని అంటిపెట్టుకుని ఉన్నప్పుడు. అప్పుడు ఆ ముక్కని కూడా తీసేసి మళ్లీ అతకాల్సి వస్తుంది, ఒక్కోసారి గ్యాస్ట్రోడుయోడినల్ మొండికే కలిపి కుడతారు. కొన్నిచోట్ల ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందే దాన్ని కాయిల్స్‌తో మూసేసి, ఎడమ వైపు నుంచి కాలేయం లోపల కొత్త దారులు తెరుచుకునేలా చేస్తారు. మీ రిపోర్టులో గడ్డ ధమనికి దూరంగా ఉందని ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

వెన్నెలపిట్ట
గడ్డకీ ధమనికీ మధ్య కొవ్వు పొర చెక్కుచెదరలేదు అని రాశారు, అంటే దూరంగా ఉన్నట్టే కదా. రెండో లైన్ గురించి కూడా చెప్పండి. నేను నెట్‌లో వెతికితే 'యాన్యులర్ ప్యాంక్రియాస్' అని పసిపిల్లలకి పుట్టగానే చేసే ఆపరేషన్ గురించి వస్తోంది, ఇంకా గాభరా అయింది.

కత్తిపీట
పేరు దగ్గర అందరూ బోల్తాపడతారు. అది వేరు, ఇది వేరు. యాన్యులర్ ప్యాంక్రియాస్‌లో క్లోమం డుయోడినం, అంటే చిన్నపేగు మొదటి భాగం, చుట్టూ ఉంగరంలా బిగుసుకుంటుంది, పసిపిల్లలకి వాంతులతో బయటపడుతుంది. టీడెమాన్ 1818లోనే దాన్ని వర్ణించాడు. మీ నాన్నగారిది పోర్టల్ యాన్యులర్, ఉంగరం పేగు చుట్టూ కాదు, పోర్టల్ వెయిన్ చుట్టూ. ఏ బాధా ఉండదు, ఎవరో స్కాన్ తీస్తే తప్ప బయటపడదు. దీన్ని మొదట 1987లో రాశారు.

మామూలు విపుల్‌లో క్లోమం మెడ, అంటే తలకీ మిగతా క్లోమానికీ మధ్య భాగం, పోర్టల్ వెయిన్‌కి ముందు మాత్రమే ఉంటుంది. మెడకీ సిరకీ మధ్య సొరంగంలా దారి చేసి, మెడని అడ్డంగా కోసేస్తాం. తల బయటికి వచ్చేస్తుంది, మిగిలిన క్లోమానికి ఒకటే కోసిన ముఖం, దాన్ని పేగుకి కుడతాం. పోర్టల్ యాన్యులర్‌లో ముందు భాగం కోశాక కూడా తల రాదు. సిర వెనకాల ఇంకో వంతెన ఉంటుంది, అదీ కోయాలి. ఇప్పుడు రెండు ముఖాలు. క్లోమరసం కారేది కోసిన ముఖం నుంచే, అంటే లీకయ్యే చోట్లు రెట్టింపు. ఆ రసం మాంసాన్ని అరిగించేది, అది కడుపులోకి కారితే ఏం చేస్తుందో ఊహించుకోండి. క్లోమం సర్జరీలో మాకు నిద్ర లేకుండా చేసేది గడ్డ కాదు, ఆ లీకే.

క్లోమరసం వెళ్లే అసలు నాళం ముందు భాగంలో పోతోందా, వెనక వంతెనలో పోతోందా అనేది ఇంకా ముఖ్యం. వెనకాల పోతుంటే, ముందు ముఖంలో నాళం కోసం వెతికి కంగారుపడటం తప్ప దొరకదు. ఎంఆర్‌సీపీ (పైత్య, క్లోమ నాళాలను చూపే ఎంఆర్ఐ స్కాన్) ఉంటే ఈ సంగతి ముందే తేలుతుంది, మీవాళ్లు తీశారేమో అడగండి.

ఎందుకంటే
రెండు ముఖాలు వద్దనుకుంటే?

కత్తిపీట
రెండు దారులున్నాయి. వెనక వంతెన పల్చగా ఉండి అందులో పెద్ద నాళం లేకపోతే దాన్ని స్టేప్లర్‌తో మూసి, ముందుదాన్ని మాత్రం పేగుకి కుట్టొచ్చు. లేదంటే కోసే గీతని ఎడమకి జరిపి, రెండూ కలిసిన చోటుకి అవతల కోయొచ్చు, అప్పుడు ఒకటే ముఖం. నాకు రెండోదే నచ్చుతుంది, కానీ దానికి మూల్యం ఉంది, ఆరోగ్యంగా ఉన్న క్లోమం కొంత అదనంగా పోతుంది, షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మీ నాన్నగారికి ఇప్పటికే షుగర్ ఉందా లేదా అన్నది కూడా సర్జన్ లెక్కలోకి వస్తుంది.

మూడోగంట
షుగర్ అన్నారు కాబట్టి మా అత్తయ్య సంగతి. ఆవిడకి ముప్పై ఏళ్లకే షుగర్, సన్నగా ఉండే మనిషి, ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. తర్వాతెప్పుడో తల భాగంలో గడ్డకి స్కాన్ చేస్తే తల తప్ప మిగతా క్లోమం లేనే లేదట, పుట్టుకతోనే. ఇన్సులిన్ తయారుచేసే కణాలు తోకవైపే ఎక్కువంటారు కదా. సర్జన్ గారు సూటిగా చెప్పారు, మీకు తల తీయడమంటే మొత్తం తీయడమే, ఇక జీవితాంతం ఇన్సులిన్, ఎంజైమ్ మాత్రలు అని. విచిత్రం ఏంటంటే లీకు భయం మాత్రం లేదు, కుట్టడానికి మిగిలిందేమీ లేదు కదా!

ఆకుపచ్చగౌను
థియేటర్ నర్సుని. మీరంతా చిన్న తేడాల గురించి మాట్లాడుకుంటున్నారు, మాకొకసారి మొత్తం మనిషే అద్దంలో బొమ్మలా వచ్చారు. సైటస్ ఇన్వర్సస్. గుండె కుడివైపు, కాలేయం ఎడమవైపు, అలాంటివాళ్లు సుమారు పదివేల మందిలో ఒకరుంటారట. సర్జన్ గారు ముందురోజే వచ్చి థియేటర్‌లో ఖాళీ టేబుల్ పక్కన నిలబడి చేతులు గాల్లో ఆడించుకుంటూ రిహార్సల్ చేశారు. మర్నాడు ఆయన ఎడమవైపు నిలబడ్డారు, నా ట్రే, లైటు, సక్షన్ అన్నీ అటుదిటు మార్చాం. సీటీ చిత్రాలు గోడమీద మామూలుగా ఒక సెట్, తిరగేసి ఒక సెట్. అయినా పని మధ్యలో నేనే రెండుసార్లు అలవాటుగా తప్పు చేతిలో పరికరం పెట్టబోయాను, ఆయన కసురుకోలేదు, 'ఇవాళ మనందరం ఎడమచేతి వాటం' అని నవ్వారు. రెండు గంటలు ఎక్కువ పట్టింది, అంతే.

కత్తిపీట
నయం, పూర్తి తిరగబడితే కనీసం లెక్క కుదురుతుంది. సగం తిరగబడినవాళ్లు ఉంటారు చూశారూ, ఒక ప్లీహానికి బదులు నాలుగైదు చిన్నవి, పోర్టల్ వెయిన్ డుయోడినంకి ముందునుంచి, పేగు తిప్పుకోవాల్సినంత తిప్పుకోకపోవడం, పొట్టి క్లోమం, ఇవన్నీ ఒకే మనిషిలో కలిసి వస్తాయి. పేగు సరిగ్గా తిరగనివాళ్లలో కుడివైపు ఉండాల్సిన సిర ధమనికి ఎడమవైపు ఉంటుంది. అలాంటప్పుడు చేతికి అలవాటైన దిక్కులు మర్చిపోయి ప్రతి నాళాన్నీ కొసదాకా చూసి గాని కట్టకూడదు.

ఎందుకంటే
అసలు ఇలా ఎందుకవుతుంది?

నలుపుతెలుపు
క్లోమం ఒక్కటిగా పుట్టదు. తల్లి కడుపులో నాలుగైదు వారాలప్పుడు పేగు గొట్టానికి ముందొకటి, వెనకొకటి రెండు మొగ్గలు వస్తాయి. ముందుది పేగు వెనకనుంచి చుట్టుతిరిగి ఏడో వారానికల్లా వెనకదానితో కలవాలి. తిరగడంలో కొంత పేగుకే అతుక్కుపోతే యాన్యులర్. కలిసేటప్పుడు సిరకి అవతలి వైపు కూడా అతికితే పోర్టల్ యాన్యులర్. గ్రంథి కలిసి నాళాలు కలవకపోతే డివైజమ్, ఇది నూటికి ఐదు నుంచి పది మందికి ఉంటుంది, ఎక్కువమందికి తెలియనే తెలియదు. ధమనులూ అంతే, మొదట నిచ్చెన మెట్లలా చాలా ఉంటాయి, కొన్ని కరిగిపోతాయి. ఏవి మిగిలాయన్నదే మన బొమ్మ.

ఒకసారిచాలు
వెన్నెలపిట్ట గారూ, సోమవారం వెళ్లినప్పుడు మొహమాటపడకుండా ఆ రెండు లైన్లు సర్జన్ గారి ముందు పెట్టండి, 'ఇవి చూశారా' అని అడగండి. నేను అడగలేదు, నాకు తెలియదు కాబట్టి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

వెన్నెలపిట్ట
పదిహేను రోజులైంది, ఇక్కడ చెప్పకుండా ఉంటే బాగోదని వచ్చాను. సోమవారం కాగితం తీసి చూపిస్తే సర్జన్ గారు విసుక్కోలేదు, తన డైరీ తిప్పి చూపించారు, అప్పటికే పెన్సిల్‌తో బొమ్మ గీసుకున్నారు, ధమని ఎర్రగా, సిర చుట్టూ ఉంగరం. ఎంఆర్‌సీపీ కూడా చేయించారు, అసలు నాళం ముందు భాగంలోనే ఉందని తేలింది. నాన్నకి షుగర్ లేదు కాబట్టి ఎక్కువ తీయడం ఇష్టం లేదని, వెనక వంతెనని స్టేప్లర్‌తో మూసి ముందుదాన్ని కుట్టారు. కత్తిపీట గారు చెప్పిన రబ్బరు దారం సంగతి నేనే అడిగాను, నీలంది వాడామన్నారు.

మూడో రోజు డ్రెయిన్ నీళ్లలో అమైలేజ్, అంటే క్లోమరసంలో ఉండే ఎంజైమ్, ఎక్కువ వచ్చింది, ఉండాల్సినదానికి మూడు రెట్లు దాటింది, నాకు గుండె ఆగినంత పనైంది. జ్వరం లేదు, రక్త పరీక్షలు బాగున్నాయి, దీన్ని ఇప్పుడు ఫిస్టులాగా, అంటే ప్రమాదమైన లీకుగా, లెక్కించరు అని డ్రెయిన్ ఇంకొన్ని రోజులు ఉంచారంతే. నిన్న తీసేశారు. ఇంకొకటి అడగాలి, ఇది మాకూ వచ్చి ఉంటుందా, నేనూ తమ్ముడూ స్కాన్ చేయించుకోవాలా?

నలుపుతెలుపు
అక్కర్లేదండి. ఇవి సాధారణంగా వంశంలో దిగే రకం కావు, ఉన్నా ఆపరేషన్ చేస్తే తప్ప పని లేదు. బదులుగా నాన్నగారి డిశ్చార్జి కాగితంలో ధమని సంగతి, స్టేప్లర్ సంగతి రాయించుకున్నారా? రేపు ఎప్పుడైనా వేరేచోట కడుపు స్కాన్ చేస్తే ఆ స్టేపుల్ గీత చూసి ఇదేమిటో అని నాలాంటివాడు బుర్ర గోక్కుంటాడు.

వెన్నెలపిట్ట
రాయలేదు. రేపు కుట్లు చూపించడానికి వెళ్తున్నాం, రాయించుకుని వస్తాను.